కృత్రిమ రోగనిరోధక అవయవాలు: కణాలు దొరికాయి, కట్టడమే కష్టం

పాదంలో తుమ్మముల్లు దిగి విరిగితే నాలుగు రోజుల్లో చీము పడుతుంది. ఆ వెనకే గజ్జల్లో బిళ్ళ కడుతుంది. వేరుశనగ చేలల్లో చెప్పుల్లేకుండా తిరిగిన అనంతపురం, కర్నూలు, కడప రైతులకు ఇది కొత్త సంగతి కాదు. పుండు మానితే బిళ్ళ దానంతటదే కరుగుతుందని ఇంట్లో పెద్దలు చెబుతారు, చాలావరకు అలాగే జరుగుతుంది. పుండు పాదంలో ఉంటే వాపు గజ్జల్లో ఎందుకు? పాదం కణజాలంలో ఊరి పైకి వచ్చే శోషరసమనే పలుచని ద్రవమంతా గజ్జల్లోని శోషరస గ్రంథుల గుండా వడకట్టుకుని పోతుంది. క్రిముల ఆనవాళ్ళు అక్కడికి చేరగానే వాటిని గుర్తుపట్టగల కణాలు ఆగిపోయి, అక్కడే వేలు లక్షలుగా పెరుగుతాయి. వేలికి తగిలే బిళ్ళ ఆ పెరుగుదలే.

మనిషి ఒంట్లో ఇలాంటి గ్రంథులు దాదాపు 600 ఉంటాయి. వీటికి తోడు ఎముకల్లో మూలుగ, రొమ్ము ఎముక వెనక థైమస్, ఎడమ డొక్కలో ప్లీహం, గొంతులో టాన్సిళ్ళు, పేగు గోడలో పేయర్ మచ్చలనే శోషరస కణజాలం ఉన్నాయి. రోగనిరోధక శక్తి అనగానే రక్తంలో తిరిగే తెల్లకణాలే చాలామందికి గుర్తుకొస్తాయి గానీ, ఆ కణాలు పుట్టేది, తర్ఫీదు పొందేది, ఒకదానికొకటి ఎదురుపడేది ఈ అవయవాల్లోనే. గుండె కవాటాన్నీ, కంటి కటకాన్నీ, తుంటి కీలునూ కృత్రిమంగా చేసుకున్న వైద్యం వీటి జోలికి చాలాకాలం పోలేదు. ఆ ప్రయత్నం గట్టిగా మొదలై ఇరవయ్యేళ్ళు దాటింది.

ఈ సంగతి వార్తల్లోకి వచ్చినప్పుడల్లా రెండు వేర్వేరు పనులను ఒకే గాటన కట్టేస్తున్నారు. ఒకటి, ప్రయోగశాలలో చిన్న అవయవపు ముక్కను పెంచి దానిమీద టీకాలు, మందులు పరీక్షించడం. రెండోది, అవయవాన్ని తయారుచేసి రోగి ఒంట్లో పెట్టడం. మొదటిది ఇప్పటికే పనిచేస్తోంది. రెండోది ఒక్క థైమస్ విషయంలో, అదీ సగం మాత్రమే గడప దాటింది. ఈ తేడా తెలియకుండా చదివితే వచ్చే ఏడాదికల్లా కొత్త ప్లీహం అమ్మకానికి వస్తుందన్న భ్రమ కలుగుతుంది.

చోటు లేకపోతే కణాలు ఏం చేస్తాయి?

ఒక ఫలానా క్రిమిని గుర్తుపట్టగల టి కణాలనే తెల్లకణాలు, ఆ క్రిమి ముఖం ఇంకా చూడని మనిషిలో, లక్షకో పది లక్షలకో ఒకటి ఉంటాయి. అంత అరుదైన కణం ఒళ్ళంతా తిరుగుతూ ఒక గోటి చివర దూరిన క్రిమిని ఎదుర్కోవడం జరిగే పని కాదు. అందుకే రెండు పక్షాలూ ఒకచోటికి వస్తాయి. ఆదోని చుట్టుపక్కల రైతు పత్తి బస్తా ఎత్తుకుని కొనేవాడి కోసం ఊరూరా తిరగడు, యార్డుకు తోలుకొస్తాడు. వ్యాపారీ అక్కడికే వస్తాడు. శోషరస గ్రంథి చేసేది ఆ పనే. గాయం దగ్గర క్రిమి ముక్కలను మింగిన డెండ్రిటిక్ కణాలు శోషరసం వెంట గ్రంథిలోకి వస్తాయి. టి కణాలు రక్తం నుంచి, గ్రంథిలోని ప్రత్యేకమైన రక్తనాళాల గోడలను దాటుకుని లోపలికి వస్తాయి. ఒక గ్రంథిలో దాదాపు ఒక పూటో ఒక రోజో వెతికి, తమకు సరిపడే ముక్క కనిపించకపోతే మరో గ్రంథికి బయలుదేరతాయి.

లోపల ఈ తిరుగుడు గాలివాటంగా జరగదు. గ్రంథి ఒళ్ళంతా సన్నని కొలాజెన్ (ఒక ప్రొటీన్) పోగులు వలలా అల్లుకుని ఉంటాయి. వాటిని అంటిపెట్టుకుని ఫైబ్రోబ్లాస్ట్ జాతి కణాలు ఉంటాయి. టి కణాలు ఎటు పోవాలో, క్రిమిని పట్టుకునే ప్రొటీన్లను (యాంటీబాడీలను) తయారుచేసే బి కణాలు ఎక్కడ గుమిగూడాలో చెప్పే రసాయన సంకేతాలను వెదజల్లేది ఈ కణాలే. వాటిలో ఒక సంకేతం టి కణాలను గ్రంథి నడిమి భాగానికి పిలుస్తుంది, మరొకటి బి కణాలను అంచున ఉండే గుండ్రని గదుల్లోకి పిలుస్తుంది. రెండింటి సరిహద్దులో జరిగే కలయికే టీకా పనిచేయడానికి మూలం.

ఇది తెలియక కాదు గానీ, దశాబ్దాలపాటు ప్రయోగశాలల్లో చేసింది ఏమిటంటే, రక్తం తీసి, తెల్లకణాలను వేరుచేసి, ప్లాస్టిక్ పళ్ళెంలో పోసి, మందు కలిపి చూడడం. చవక, సులభం. కానీ ఆ పళ్ళెంలో పోగుల వల లేదు, సంకేతాలు ఇచ్చే కణాలు లేవు, సరిహద్దు లేదు. బి కణాలైతే ఒంటరిగా వదిలితే కొద్ది రోజుల్లోనే చచ్చిపోతాయి. బయట దొరకనిది కణాలు కాదు, అవి బతికే కట్టడం. ఈ రంగంలో ఇంజినీర్లకు పని దొరికింది అక్కడే.

జర్మినల్ సెంటర్ అనే చిన్న గది

బి కణాలుండే గుండ్రని గదుల్లో, టీకా పడిన వారం పది రోజులకు, జర్మినల్ సెంటర్ అనే ఏర్పాటు పుడుతుంది. కృత్రిమ శోషరస గ్రంథి చేశామని ఎవరు చెప్పినా ముందు అడగవలసిన ప్రశ్న, అందులో ఇది ఏర్పడిందా అన్నదే.

ఆ గదిలో రెండు భాగాలు. చీకటి భాగంలో బి కణాలు శరవేగంగా విభజన చెందుతూ, తమ యాంటీబాడీ జన్యువును కావాలనే చెడగొట్టుకుంటాయి. మిగతా ఒంట్లో ఏ కణమైనా జన్యువులో ఇలా తప్పులు చేస్తే అది క్యాన్సర్‌కు దారి. ఇక్కడ మాత్రం అది పద్ధతి. అలా మారిన కణాలు వెలుగు భాగానికి వస్తాయి. అక్కడ ఫాలిక్యులార్ డెండ్రిటిక్ కణాలు క్రిమి ముక్కలను పట్టుకుని ఉంటాయి. మారిన యాంటీబాడీ ఆ ముక్కను మునుపటికంటే గట్టిగా పట్టుకోగలిగితే, బి కణం దాన్ని లాక్కుని సహాయక టి కణానికి చూపిస్తుంది, బతుకుతుంది. పట్టుకోలేనిది చస్తుంది. బతికినవి మళ్ళీ చీకటి భాగానికి వెళ్ళి ఇంకో విడత మార్పులు చేసుకుంటాయి. రెండో డోసు టీకా తర్వాత యాంటీబాడీల పట్టు పెరగడానికి కారణం ఈ విడతలే.

ఇలాంటిదాన్ని బయట కట్టే ప్రయత్నాల్లో ముందు చెప్పుకోవలసింది 2004లో జపాన్‌లో సుయెమత్సు, వతనబె చేసిన పని. కొలాజెన్ స్పాంజిలో, సంకేత ప్రొటీన్ తయారుచేసేలా మార్చిన ఆధార కణాలనూ డెండ్రిటిక్ కణాలనూ నింపి, ఎలుక మూత్రపిండం పొర కింద పెట్టారు. ఎలుక సొంత టి, బి కణాలు వచ్చి అందులో వేర్వేరు ప్రాంతాలుగా సర్దుకున్నాయి. పరంజా పెట్టి సరైన సంకేతం ఇస్తే కాపురం చేసే కణాలు వాటంతటవే వస్తాయని దాంతో తేలింది. తర్వాత 2015లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో అంకుర్ సింగ్ బృందం జెలటిన్‌లో సిలికేట్ సూక్ష్మ కణాలు కలిపిన జెల్‌లో ఎలుక బి కణాలను పెంచి, జర్మినల్ సెంటర్ తరహా స్పందనను ఒంటి బయటే పుట్టించింది. బోస్టన్‌లోని వీస్ సంస్థ వేలెడంత చిప్‌లో, సన్నని కాలువల్లో ద్రవం ప్రవహిస్తూ ఉండగా మనిషి బి, టి కణాలు గుండ్రని గదులుగా కూడుకోవడాన్ని 2022లో చూపింది. ద్రవం కదలడం ముఖ్యం. ఒంట్లో శోషరసం నిలవ ఉండదు కదా.

వీటన్నిటికంటే సూటిగా ఉన్న పద్ధతి 2021లో స్టాన్‌ఫర్డ్ నుంచి, మార్క్ డేవిస్ బృందం నుంచి వచ్చింది. వాళ్ళు పరంజా కట్టనే లేదు. ఆపరేషన్‌లో తీసేసిన టాన్సిల్‌ను తీసుకుని, కణాలుగా విడదీసి, అడుగున పోషక ద్రవం తగిలే పలుచని పొర మీద దట్టంగా, దాదాపు గుట్టగా పోశారు. ఇన్‌ఫ్లుయెంజా టీకా చుక్క వేశారు. విడగొట్టిన కణాలు కొద్ది రోజుల్లో మళ్ళీ గుంపులు కట్టి, జర్మినల్ సెంటర్లను ఏర్పరచుకుని, యాంటీబాడీలు తయారుచేశాయి. ఆ యాంటీబాడీల పట్టు కూడా కాలంతో పెరిగింది. ఒక్కో దాత టాన్సిల్ ఒక్కో విధంగా స్పందించింది. ఒక రకం కణాన్ని ముందే తీసేసి, అది లేకపోతే ఏం తగ్గుతుందో చూడగలిగారు. బతికున్న మనిషిలో ఈ పని ఎవరూ చేయలేరు, చేయకూడదు కూడా. ఇంకో సౌకర్యం: కణాలను గడ్డకట్టించి దాచి, తర్వాత కరిగించి వాడినా పనిచేశాయి.

ఎలుక మీద పరీక్షిస్తే చాలదా అన్న ప్రశ్నకు 2006 మార్చిలో లండన్‌లో జరిగిందే జవాబు. టీజీఎన్1412 అనే యాంటీబాడీ మందును తొలిసారి ఆరుగురు ఆరోగ్యవంతులకు ఎక్కించారు. కోతులకు హాని చేయని మోతాదులో అది ఐదువందో వంతు మాత్రమే. గంటల్లోనే ఆరుగురికీ రోగనిరోధక కణాలు వదిలే సంకేత ప్రొటీన్లు ఒక్కసారిగా పొంగి, అంటే సైటోకైన్ల తుఫాను పుట్టి, అవయవాలు దెబ్బతిన్నాయి. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు గానీ ఒకరు వేళ్ళు పోగొట్టుకున్నారు. మందు పట్టుకునే ప్రొటీన్, మనిషిలో ఉండే ఒక రకం జ్ఞాపక టి కణాల మీద ఉంది. ఆ కోతుల్లో అదే కణాల మీద లేదని తర్వాత తేలింది. పళ్ళెంలో పోసిన మనిషి రక్తకణాలు కూడా ముందస్తు హెచ్చరిక ఇవ్వలేదు. అదే కణాలను దట్టంగా, ఒకదానికొకటి ఆనుకునేలా పెంచితే స్పందిస్తాయని తరువాతి ప్రయోగాలు చూపాయి. ఆ ఆనుకుని ఉండడం శోషరస గ్రంథి లక్షణం.

ఎవరి కణాలు?

కర్నూలు మొదలు కడప దాకా ఉన్న పాఠకుడికి ఈ విషయం ఎందుకు పట్టాలన్నది ఇక్కడే తేలుతుంది. రోగనిరోధక వ్యవస్థ పుట్టుకతో వచ్చిన ఆస్తి మాత్రమే కాదు. తాగిన నీళ్ళు, తిన్న తిండి, చిన్నప్పుడు తగిలిన జబ్బులు, మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని మలుస్తాయి. ఈ మాటకు పాత సాక్ష్యాలు పక్కనే ఉన్నాయి. 1968లో మద్రాసు దగ్గరి చెంగల్పట్టులో రెండున్నర లక్షల మందికి పైగా జనంతో క్షయకు వేసే బీసీజీ టీకా పరీక్ష మొదలైంది. బ్రిటన్ బడిపిల్లల్లో అదే టీకా దాదాపు 80 శాతం రక్షణ ఇచ్చింది. చెంగల్పట్టులో ఊపిరితిత్తుల క్షయ నుంచి పెద్దలకు రక్షణే కనిపించలేదని 1979లో నివేదిక వచ్చింది. కడపకు దక్షిణంగా ఉన్న మదనపల్లెలో, క్షయ శానిటోరియం ఆధ్వర్యంలో 1950లలో మొదలైన పరీక్షలో కూడా కాలం గడిచేకొద్దీ రక్షణ బ్రిటన్ స్థాయికి బాగా దిగువనే నిలిచింది. మన మట్టిలో, నీళ్ళలో ఉండే క్షయ క్రిమి దాయాదులకు జనం ముందే అలవాటుపడి ఉండడం ఒక కారణమని శాస్త్రవేత్తల అనుమానం. పసిపిల్లల్లో తీవ్రమైన క్షయ రూపాలను అడ్డుకుంటుంది కాబట్టి బీసీజీ ఇస్తూనే ఉన్నాం, అది సరైన పనే.

రోటావైరస్ టీకా సంగతీ అంతే. నోటి చుక్కలుగా వేసే ఈ టీకాలు ధనిక దేశాల్లో తీవ్రమైన విరేచనాలను 85 శాతానికి పైగా అడ్డుకున్నాయి. ఢిల్లీ, పుణె, వెల్లూరు పిల్లల్లో జరిగిన రోటావాక్ అనే ఈ రకం టీకా పరీక్షలో తొలి ఏడాది రక్షణ 56 శాతం. టీకా చెడ్డది కాదు. అది పనిచేయవలసిన పేగు గోడలోని శోషరస కణజాలం వేరే పరిస్థితిలో ఉంది. పోషకాహార లోపం, మళ్ళీ మళ్ళీ వచ్చే పేగు జబ్బులు, తల్లిపాలలోని యాంటీబాడీలు, ఇలా కారణాల జాబితా పెద్దదే. ఏది ఎంత అన్నది విడదీసి చూడాలంటే ఆ కణజాలపు నమూనా కావాలి.

2018లో ఉగాండాలో చేసిన ఒక అధ్యయనం ఇంకా సూటిగా మాట్లాడింది. హెచ్‌ఐవీ లేని ఆరోగ్యవంతుల శోషరస గ్రంథుల్లోనే, అమెరికన్లతో పోలిస్తే, కొలాజెన్ మచ్చలు ఎక్కువగా పేరుకుని ఉన్నాయి. ఆ మచ్చలు ఎక్కువైన కొద్దీ పసుపు జ్వరం టీకాకు స్పందన తగ్గింది. మళ్ళీ మళ్ళీ వచ్చే ఇన్‌ఫెక్షన్లతో గ్రంథి కట్టడమే దెబ్బతింటే, రక్తపరీక్షలో కణాల లెక్క సరిగ్గా కనిపించినా టీకా అంతంతమాత్రంగానే పనిచేస్తుందన్నమాట.

కాలిఫోర్నియా పిల్లల టాన్సిళ్ళతో పరీక్షించిన టీకా పత్తికొండ పిల్లలకు ఎలా పనిచేస్తుందో ఆ టాన్సిళ్ళు చెప్పలేవు. ఈ సాంకేతికతలో రాయలసీమ వాటా ఏమిటన్న ప్రశ్నకు పెద్ద యంత్రాలతో, వందల కోట్ల భవనంతో పని లేదు. ఎవరి కణజాలం పళ్ళెంలోకి వెళుతోందన్నదే అసలు లెక్క.

హెచ్‌ఐవీ విషయంలో ఈ వాదనకు మరింత బలముంది. ఆ వైరస్ రక్తంలోకంటే శోషరస గ్రంథుల్లోనే ఎక్కువగా తలదాచుకుంటుంది, అక్కడి పోగుల వలను పాడుచేస్తుంది. మందులు వాడుతూ రక్తంలో వైరస్ కనబడని రోగుల్లో కూడా సీడీ4 అనే సహాయక టి కణాల సంఖ్య కొందరిలో పూర్తిగా కోలుకోకపోవడానికి ఆ మచ్చలు ఒక కారణం. అనంతపురం వైపు బత్తలపల్లి ఆర్‌డీటీ ఆస్పత్రి హెచ్‌ఐవీ, క్షయ రోగుల వైద్యానికి పేరున్న చోటు. అక్కడి రోగుల వివరాలతో అంతర్జాతీయ పత్రికల్లో అధ్యయనాలు కూడా వచ్చాయి. దెబ్బతిన్న గ్రంథిని బాగుచేసే మందులను పరీక్షించడానికి మచ్చలు కట్టిన కృత్రిమ గ్రంథి నమూనా తయారైతే, దాని ఫలితాన్ని నిజమైన రోగులతో సరిచూడగల అనుభవం అలాంటి చోట్ల ఉంది.

థైమస్: గడప దాటిన ఒక్కటి

చికిత్స వైపు వస్తే మాట్లాడుకోవలసింది థైమస్ గురించే. 1961 వరకు దాని పని ఏమిటో వైద్యానికి తెలియదు. పుట్టిన వెంటనే థైమస్ తీసేసిన ఎలుకపిల్లలు ఇన్‌ఫెక్షన్లతో చనిపోతున్నాయని, పరాయి చర్మాన్ని అతికించినా తిరస్కరించలేకపోతున్నాయని జాక్ మిల్లర్ ఆ ఏడు గమనించాడు. టి కణాలు మూలుగలో పుట్టి, థైమస్‌లో రెండు పరీక్షలు ఎదుర్కొంటాయి. శరీరపు గుర్తింపు ప్రొటీన్లను అసలు చదవలేని కణం పనికిరాదు. సొంత శరీరం మీదే తిరగబడే కణం ప్రమాదం. రెండు రకాలూ అక్కడే చచ్చిపోతాయి. నూటికి ఐదు కూడా బయటికి రావు. యవ్వనం తర్వాత ఈ అవయవం కుంచించుకుపోయి కొవ్వుగా మారుతుంది.

కొందరు పిల్లలు థైమస్ లేకుండానే పుడతారు. అమెరికాలో ఏటా ఇరవై మందికి అటూ ఇటుగా. చికిత్స లేకపోతే రెండు మూడేళ్ళు దాటరు. డ్యూక్ విశ్వవిద్యాలయంలో లూయిస్ మార్కెర్ట్ ఏళ్ళ తరబడి నడిపిన పద్ధతికి 2021 అక్టోబరులో అమెరికా ఔషధ సంస్థ అనుమతి ఇచ్చింది. గుండె ఆపరేషన్ చేసే పసిపిల్లల్లో, గుండె కనబడాలంటే, అడ్డంగా ఉన్న థైమస్‌లో కొంత భాగం తీసేయవలసి వస్తుంది. ఆ ముక్కను పారేయకుండా పలుచగా కోసి, రెండు మూడు వారాలు ప్రయోగశాలలో ఉంచితే దాత టి కణాలు పోయి, కట్టడం మిగులుతుంది. దాన్ని రోగి తొడ కండరంలో పొందుపరుస్తారు. తొడలో థైమస్ ఏమిటని ఆశ్చర్యం వద్దు. రక్తప్రసరణ ఉంటే చాలు, రోగి మూలుగ కణాలే అక్కడికి వెతుక్కుంటూ వస్తాయి. ఫలితం రావడానికి ఆరు నెలల నుంచి ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. చికిత్స పొందినవారిలో ముప్పాతిక మంది బతికారు. కొందరిలో సొంత శరీరం మీదే దాడిచేసే థైరాయిడ్, రక్తకణ వ్యాధులు వచ్చాయి. ధర ఇరవై లక్షల డాలర్లకు పైమాటే. ఇది తయారుచేసిన అవయవం కాదు, శుద్ధిచేసి మార్చిన అవయవం.

పూర్తిగా తయారుచేయడానికి చాలామంది ప్రయత్నిస్తున్నారు. ఎడిన్‌బరోలో క్లేర్ బ్లాక్‌బర్న్ బృందం 2014లో ఎలుక పిండం నుంచి తీసిన ఫైబ్రోబ్లాస్ట్ కణాల్లో ఫాక్స్ఎన్1 అనే ఒక్క జన్యువును మేల్కొల్పి వాటిని థైమస్ కణాలుగా మార్చింది. ఎలుకలో పెడితే అవి చిన్న థైమస్‌గా పనిచేశాయి. లండన్‌లో పావోలా బోన్‌ఫాంటి బృందం 2020లో ఎలుక థైమస్ నుంచి కణాలన్నీ కడిగేసి, మిగిలిన పోగుల పరంజాలో మనిషి థైమస్ కణాలను నింపి మళ్ళీ కట్టింది. లాస్ ఏంజిలిస్‌లో గే క్రూక్స్ బృందం 2017లో చూపిన కృత్రిమ థైమస్ ఆర్గనాయిడ్ (ప్రయోగశాలలో పెంచిన చిన్న అవయవపు నమూనా), రక్త మూలకణాల నుంచి కొద్ది వారాల్లో టి కణాలను తయారుచేసింది. క్యాన్సర్ చికిత్సకు టి కణాలను పెంచే పరిశ్రమ దీని మీద కన్నేసింది. మన దేశంలో ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కృషితో వచ్చిన, టి కణాలను మార్చి క్యాన్సర్ మీదికి పంపే కార్‌-టి చికిత్సకు 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది, దానికి ఇప్పుడు రోగి సొంత కణాలే ముడిసరుకు.

ఇంతమంది చేస్తున్నా ఆస్పత్రికి ఎందుకు రాలేదు? రక్తనాళం నుంచి మిల్లీమీటరులో ఐదో వంతు దూరం దాటితే కణానికి ఆక్సిజన్ అందదు, అందుకే రక్తనాళాలు లేని ముక్క ఆవగింజంత మించి పెరగదు. చాలా నమూనాల్లో ఇంకా ఎలుక కణాలు, ఎలుక పరంజాలు ఉన్నాయి. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది, థైమస్ చేసే రెండో పరీక్ష. సొంత శరీరంపై తిరగబడే కణాలను అరకొరగా ఏరే థైమస్, థైమస్ లేకపోవడం కంటే మేలని అన్ని రోగాల్లోనూ చెప్పలేం. పుట్టుకతో అది లేని బిడ్డకు ఆ ప్రమాదం సమంజసమే. ముసలితనంలో కొత్త థైమస్ పెట్టి యవ్వనం తెప్పిస్తామనే ప్రకటనలకు మాత్రం ఆ సమర్థన లేదు.

ప్లీహం ఊసు తొందరగా ముగించవచ్చు. 2014లో బయోస్ప్లీన్ అనే పరికరం వార్తల్లో మారుమోగింది. అది అయస్కాంత పూసలతో రక్తంలోని క్రిములను బయటికి లాగే వడపోత యంత్రం, ఎలుకల్లో బాగా పనిచేసింది. పేరు ప్లీహానిదే గానీ యాంటీబాడీ తయారుచేయదు, దేన్నీ గుర్తుపెట్టుకోదు.

పసుపుపచ్చ సంచిలో ఏముంది?

థైమస్ ముక్క ఎక్కడి నుంచి వస్తుందో తెలిశాక పుట్టపర్తి గుర్తుకు రావాలి. అక్కడి సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రిలో 1991 నుంచి గుండె ఆపరేషన్లు ఉచితంగా జరుగుతున్నాయి. తిరుపతిలో పిల్లల గుండెల కోసమే ఒక ఆస్పత్రి 2021లో మొదలైంది. పసిపిల్లల గుండె ఆపరేషన్లు జరిగే ప్రతి చోటా థైమస్ ముక్కలు బయటికి వస్తాయి. ఇక కర్నూలు, అనంతపురం, కడప మూడు చోట్లా ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. చెవి, ముక్కు, గొంతు విభాగాల్లో టాన్సిల్ ఆపరేషన్ మామూలు పని. 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం ఇలా కోసి తీసిన కణజాలం పసుపుపచ్చ సంచిలో పడి, 48 గంటల్లోపు దహనానికి వెళ్ళాలి. ఆ నిబంధన సరైనదే, అంటువ్యాధులు రాకుండా అది కావాలి. అయితే స్టాన్‌ఫర్డ్‌లో పరిశోధనకు ముడిసరుకు అయిన వస్తువే ఇక్కడ బూడిద అవుతోంది.

దాన్ని కాపాడడానికి కావలసినవి అంత ఖరీదైనవి కావు: శుభ్రమైన డబ్బా, చల్లని పోషక ద్రవం, ఐసు పెట్టె, గంటల్లో కణాలను విడదీసి ద్రవ నైట్రోజన్‌లో దాచే ఒక చిన్న గది. పశువుల కృత్రిమ గర్భధారణ కోసం ద్రవ నైట్రోజన్ డబ్బాలు జిల్లాల్లో తిరుగుతూనే ఉంటాయి కాబట్టి ఆ సరఫరా కొత్తదేమీ కాదు. కర్నూలు నుంచి హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీకి రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు, అంతా జాతీయ రహదారి. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం ఉంది, విద్యార్థులకు కణాలు విడదీయడం నేర్పడానికి అంతకంటే దూరం పోనక్కరలేదు. చట్టం కూడా దారి ఇచ్చింది. జంతువుల మీద పరీక్ష తప్పనిసరి అన్న నిబంధనను అమెరికా 2022 డిసెంబరులో తొలగించింది. భారత ప్రభుత్వం 2023లో కొత్త మందుల నిబంధనలను సవరించి, ఆర్గనాయిడ్లు, అవయవ చిప్‌లపై చేసిన పరీక్షలకూ చోటు కల్పించింది.

ఇదే సమయంలో ఒక హెచ్చరిక తప్పదు. మూలకణాలతో రోగనిరోధక శక్తి పెంచుతామని బోర్డులు పెట్టే క్లినిక్‌లకూ ఇక్కడ చెప్పిన పరిశోధనకూ సంబంధం లేదు. రక్తం తయారుచేసే మూలకణాల మార్పిడి తప్ప మిగతా మూలకణ చికిత్సలు అనుమతి పొందిన పరీక్షల్లోనే జరగాలని 2017 జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ పరీక్షల్లో రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. డబ్బు అడిగారంటే అది పరిశోధన కాదని అక్కడే తేల్చుకోవచ్చు.

మిగిలింది సంతకం. ఆపరేషన్‌కు పెట్టిన సంతకం పరిశోధనకు చెల్లదు. దానికి విడిగా పత్రం ఉండాలి, అది తెలుగులో ఉండాలి, చదవలేని తల్లిదండ్రులకు పక్షపాతం లేని సాక్షి ఎదుట చదివి వినిపించాలి. టాన్సిల్ తీయించుకునేవారిలో పిల్లలే ఎక్కువ గనుక, ఏడేళ్ళు నిండిన పిల్లల నోటి అంగీకారమూ, పన్నెండు దాటినవారి రాతపూర్వక అంగీకారమూ భారత వైద్య పరిశోధన మండలి అడుగుతుంది. కణజాలం ఇవ్వకపోయినా ఆపరేషన్ ఆగదని ఆ పత్రంలో మొదటి వాక్యంగానే ఉండాలి, ఎందుకంటే ప్రభుత్వ ఆస్పత్రి వరండాలో నిలబడ్డ మనిషికి వద్దనే ధైర్యం తేలిగ్గా రాదు. దాచిన కణాలతో ఎవరైనా కంపెనీ టీకా పరీక్షించి లాభం సంపాదిస్తే, దాతలకు, వారి సమాజానికి అందులో ఏం దక్కుతుందో కూడా ముందే రాసుకోవాలి. అది డబ్బే కానక్కరలేదు. ఆ టీకా ముందుగా, తక్కువ ధరకు ఆ జిల్లాలకే అందాలన్న షరతు కావచ్చు. ఐసు పెట్టె కొనడానికి ముందే మూడు కళాశాలల నైతిక సంఘాలు కూర్చుని రాయవలసిన పత్రం ఇది.